దేశదేశముల ద్రాక్ష లెక్కలును మన మెట్ట రైతును

పత్తికొండ, ఆలూరు సీమలలోగాని, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతములలోగాని నలుగురు రైతులు కూడినచోట ఇటీవల ద్రాక్షమాట తఱచుగా వినవచ్చుచున్నది. ఇందుకు కారణము లేకపోలేదు. వేరుసెనగ నమ్ముకొన్నవానికి వాన ద్రోహము చేయుచున్నది. టొమేటో నమ్ముకొన్నవానికి అంగడి ద్రోహము చేయుచున్నది. పత్తికొండ అంగడిలో కిలో టొమేటో ధర రూపాయికి దిగజారగా, బండ్లకొలది కాయను బాట ప్రక్కన పాఱబోసి రైతులు రిక్తహస్తములతో ఇండ్లకు మరలిన దినములు మనమెఱుగనివి కావు. కర్నూలు ఉల్లిగడ్డ కథయు నట్టిదే. కనుక మన యువకులు కొందఱు సాంగ్లీ, షోలాపురము, విజయపురము వెళ్లి తోటలను, ఎండబెట్టు కొట్టములను చూచి వచ్చి, "అక్కడి నేల మన నేలకన్న గొప్పది కాదు, అక్కడి వాన మన వానకన్న ఎక్కువ కాదు. వారు ద్రాక్షను ఎండించి అమ్ముకొనుచుండగా మనమేల ఊరకుండవలె"నని ప్రశ్నించుచున్నారు. ప్రశ్న సమంజసమైనదే.

అయితే ఈ ప్రశ్నతోడ వారు కొన్ని లెక్కలను గూడ తెచ్చుచున్నారు. ఫలాని దేశము ఇన్ని లక్షల టన్నుల ద్రాక్ష నెండించుచున్నది, ఫలాని దేశము ఇన్ని కోట్ల లీటర్ల రసము తీయుచున్నది, మన దేశమున ఏటేట ఈ లెక్క పెరుగుచున్నది, కావున తోట నాటుటకు అప్పిండు అని వారి వాదము. లెక్కలు తప్పులని నేననను. కాని ఒక్క సంవత్సరపు లెక్కను చూచుట వేఱు, నూఱేండ్ల లెక్కను వరుసగా చూచుట వేఱు. వరుసగా చూచినప్పుడు, ఎంత సరకు పక్వమైనదను దానికన్న, ఆ సరకు ఎవరి కొట్టములో పక్వమైనది, దానిని కొనువారు ఒకరా పదుగురా అను విషయమే రైతు బ్రదుకును నిర్ణయించినదని స్పష్టపడును. తోటకు ముందు కొట్టము, కొట్టమునకు ముందు కొనువాడు ఉండవలెనని నా అభిప్రాయము. ఆ వరుసను తలక్రిందులు చేసిన దేశములేమైనవో చూతము.

మొదట మొత్తము చెప్పుదును. ప్రపంచమున ఏటేట సుమారు ఏడెనిమిది కోట్ల టన్నుల ద్రాక్ష పండుచున్నది. అందులో ఇంచుమించు సగము పిండబడి వైను అని పిలువబడు ద్రాక్షసారా యగుచున్నది. మిగిలినదానిలో అధికభాగము పచ్చిపండుగానే తినబడుచున్నది. ఎండుద్రాక్షకు పోవునది పదింట ఒక పాలునకు లోపే. మన దేశపు లెక్క దీనికి భిన్నము. ఇక్కడ నూటికి డెబ్బదికి పైగా పచ్చిపండుగనే ఖర్చగును. ఇంచుమించు ఐదవ పాలు ఎండును. సారాకు పోవునది నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. సారా సంగతి మన జిల్లాలవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. మదరాసు రాజధానిలో 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధము ఆరంభమై, మఱుసటి యేడే చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చినది. 1995లో ఆంధ్రప్రదేశమంతట మరల వచ్చి, రెండేండ్లకే సడలినది. ప్రభుత్వముయొక్క యిచ్ఛపై నిలిచిన బేరమును నమ్మి పదునైదేండ్లు బ్రదుకు తీగను నాటుట సాహసమే యగును. కావున నా మాట ప్రధానముగా ఎండుద్రాక్షను గూర్చియే.

అయినను కథ మాత్రము సారాతోనే మొదలగును. 1875లో ఫ్రాన్సు దేశము సుమారు 845 కోట్ల లీటర్ల వైను తీసినది; అంతకుముందు అంత ఎన్నడును లేదు. అప్పటికే అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను పేనువంటి వేరుపురుగు దక్షిణ ఫ్రాన్సు తోటలలో ప్రవేశించి యుండెను. పదునాలుగేండ్లు గడచి 1889 వచ్చునప్పటికి ఆ దేశపు లెక్క 234 కోట్ల లీటర్లకు పడిపోయెను. తాగువారు తగ్గలేదు, పండు తగ్గినది. అప్పుడు ఫ్రెంచి వర్తకులు గ్రీసు దేశముమీద పడిరి. ఆ దేశపు దక్షిణ భాగమున కొరింథు ద్రాక్ష అను చిన్న నల్లని గింజలేని పండును ఎండబెట్టి ఇంగ్లండునకు పంపు వాడుక బహుకాలమునుండి కలదు. అక్కడివారు దానిని రొట్టెలలో, పిండివంటలలో వేసికొందురు. ఆ యెండుద్రాక్షనే నీట నానబెట్టి, పులియబెట్టి, ఫ్రెంచివారు సారా చేయ మొదలిడిరి.

గ్రీకు రైతునకు ఇది లక్ష్మి తలుపు తట్టినట్లుండెను. ఆలివు చెట్లను నఱికి, ధాన్యపు భూములను దున్ని, ఎక్కడ చూచినను ఈ ద్రాక్షయే నాటిరి. అప్పులు పుట్టినవి, వడ్డీవర్తకులు వచ్చిరి. 1889 ప్రాంతమున దాదాపు 70 వేల టన్నుల ఎండుద్రాక్ష ఫ్రాన్సునకే పోయెను. దేశపు ఎగుమతులలో సగమునకు తక్కువకాని విలువ ఈ ఒక్క సరకుదే. ఆ కాలమున గ్రీసు లెక్కలను చూచినవాడెవడైనను ఇంతకన్న సుభిక్షమైన పంట లేదనియే చెప్పియుండును. ఇంతలో ఫ్రెంచివారు అమెరికా వేళ్లకు తమ తీగలను అంటుకట్టి, పురుగును తట్టుకొను తోటలను మరల నిలువబెట్టిరి. తమ రైతులను కాపాడుకొనుటకు 1892లో దిగుమతి సుంకములను హెచ్చించిరి. రెండు మూడేండ్లలో గ్రీసునుండి ఫ్రాన్సుకు పోవు సరకు కొలది వేల టన్నులకు దిగినది. ధర కూలినది. 1893 డిసెంబరున గ్రీసు ప్రధానమంత్రి త్రికూపిస్ తమ రాజ్యము అప్పులు తీర్చలేదని ప్రకటింపవలసివచ్చెను. రాజ్యము దివాలా తీయుటకు ద్రాక్ష ఒక్కటే కారణము కాదు. కాని రైతు దివాలాకు అదియే కారణము. ఆ పిమ్మట వేలకొలది పెలొపొనీసు యువకులు ఓడలెక్కి అమెరికాకు కూలికై పోయిరి.

ఇందు మనము గమనింపదగినదొకటి కలదు. గ్రీకు రైతు పంట పండించుటలో తప్పు చేయలేదు; ఎండబెట్టుటలోను తప్పు చేయలేదు. పొరుగువాని తోటకు తెగులు వచ్చినందున పుట్టిన గిరాకిని శాశ్వతమని యెంచినాడు. ఆ పొరుగువాడు కోలుకొనునన్న తలంపు అతనికి అప్పిచ్చినవానికి గూడ కలుగలేదు. 1895లో అక్కడి ప్రభుత్వము ఎగుమతి చేయువాడు నూటికి 15 పాళ్లు సరకును సర్కారు గిడ్డంగికి అప్పగింపవలెనని శాసనము చేసి, అధికమైన సరకును సారాబట్టీలకు మళ్లించుటకు ప్రయత్నించినది. మంటలు లేచిన తరువాత బావి త్రవ్వుట యనగా ఇదియే.

ఇక కాలిఫోర్నియా. మన సహకారులకు ఈ దేశపు కథ అన్నిటికన్న ముఖ్యమైనది. ఫ్రెస్నో పట్టణము చుట్టును పండ్లను కోసి, చాళ్ల మధ్యనే పళ్లెరములలోను కాగితములమీదను పఱచి, సెప్టెంబరు ఎండకు ఎండబెట్టుట అక్కడి పద్ధతి. ఎండ వట్టిదే గాని, ఎండిన పండును కొని శుభ్రపఱచి పెట్టెల కెక్కించువారు మాత్రము వేళ్లమీద లెక్కింపదగిన వర్తకులు. వారు చెప్పినదే ధర. 1912లో రైతులు కూడి స్వంత సంఘమును స్థాపించుకొనిరి. ఎఱ్ఱ టోపీ బాలిక బొమ్మతో నేటికిని అంగళ్లలో కనబడు సన్‌మెయిడ్ ఎండుద్రాక్ష ఆ సంఘముదే. ఆ పేరు 1915లో పెట్టబడినది. కొలది యేండ్లలో ఆ ప్రాంతపు తోటలలో అత్యధిక భాగము సంఘపు ఒడంబడికలోనికి వచ్చినది. పండించినవాడే శుభ్రపఱచినాడు, మూటకట్టినాడు, తన పేరుతో అమ్మినాడు. మొదటి యుద్ధకాలమున ధర ఎన్నో రెట్లు పెరిగినది.

ఇంతవఱకు మన ప్రచారకులు వేదికలమీద చెప్పుచుందురు. తరువాతి భాగమును గూడ చెప్పుట ధర్మము. సంతకము చేయని రైతుల యిండ్లమీదికి రాత్రివేళ గుంపులు పోయి బెదిరించినవి, కొట్టినవి, తోటలను పాడుచేసినవి. సంఘము ధరలను బిగించుచున్నదని ప్రభుత్వమే 1920లో న్యాయస్థానమున వ్యాజ్యము వేసినది. అధిక ధర చూచి ప్రతివాడును తీగ నాటినాడు. అదే యేట ఆ దేశమున మద్యనిషేధము వచ్చినను ఇంట వాడుకకు రసము తీసికొనుట నిషిద్ధము కానందున పచ్చిద్రాక్షకు విపరీతమైన గిరాకి పుట్టి, నాటిన ఎకరములు ఇంకను పెరిగినవి. 1921 తరువాత ఎండుద్రాక్ష ధర కూలినది. సరకు గిడ్డంగులలో నిలిచిపోయి సంఘము 1923లో దివాలా అంచున పడి, క్రొత్త యేర్పాటుతో మరల లేచినది. సహకారము పేరు పెట్టినంతమాత్రమున అమ్ముడుకాని సరకు అమ్ముడుపోదు.

ఆ తరువాత 1949లో అక్కడి ప్రభుత్వము ఒక క్రమమును విధించినది. ఏటేట అధికమైనదని తోచిన పాలును రైతు అంగడికి తేరాదు, నిలువకు అప్పగింపవలెను. 2002-03 పంటలో నూటికి 47 పాళ్లును, మఱుసటి యేడు 30 పాళ్లును ఇట్లు తీసికొనబడినవి. మొదటి యేడు దానికి ముట్టిన సొమ్ము పండించిన ఖర్చుకన్న తక్కువ. రెండవ యేడు ఏమియు ముట్టలేదు. హార్నే అను రైతు దంపతులు ఇయ్యమని మొండికెత్తి వ్యాజ్యమాడగా, 2015లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము వెల యీయక సరకు తీసికొనరాదని తీర్పు చెప్పినది. ఇంత రక్షణ, ఇంత పోరాటము జరిగినను 2000లో నాలుగు లక్షల టన్నుల నంటిన ఆ దేశపు ఎండుద్రాక్ష నేడు అందు సగము మాత్రమే. తీగలను పెరికి బాదము చెట్లు నాటుకొనిరి. కూలి భారము హెచ్చినది, బాదమునకు ధర బాగుండెను. తోటను పెరికివేయుటకు జంకనివాడే అక్కడ నిలిచినాడు.

అమెరికా తగ్గినచోట తుర్కీ నిలిచినది. ఈజియను సముద్రపు తీరమున మనీసా ప్రాంతపు సుల్తానా ద్రాక్ష ఇజ్మీరు రేవునుండి లోకమునకు పోవును. ఏటేట రెండు మూడు లక్షల టన్నులు వారు ఎండింతురు. ఎగుమతిలో వారే మొదటివారు. 1923లో గ్రీసు తుర్కీలు ప్రజలను మార్చుకొన్నప్పుడు ఆ తీరమునుండి వెడలగొట్టబడిన గ్రీకు రైతులు ఆ విద్యనే క్రేటు ద్వీపమునకు తీసికొనిపోయిరి. ఆస్ట్రేలియాలో 1887లో చాఫీ సోదరులు ముఱ్ఱే నది నీటిని యంత్రములతో తోడి మిల్దురా అను ఎడారి ప్రదేశమును తోట చేసిరి. ఎండుద్రాక్షలో దశాబ్దములపాటు పేరుపొందిన ఆ దేశము వైను ధర మెఱుగైనపుడు అటు మొగ్గి, నేడు తన పూర్వపు పంటలో చిన్న పాలు మాత్రమే ఎండించుచున్నది. చైనా కథ ఇంకను వింత. 2012 ప్రాంతమున 130 కోట్ల లీటర్లకు పైగా వైను తీసిన ఆ దేశము 2024లో 30 కోట్ల లీటర్లకు లోపు తీసినది. ప్రపంచమంతట గూడ 2024లో తీసిన వైను సుమారు 2,260 కోట్ల లీటర్లు. అరువదియేండ్లలో ఇంత తక్కువ లేదు. తాగువారే తగ్గుచున్నారు.

అఫ్గనిస్తానమును మాత్రము విడువరాదు. మన పెద్దలు కాబూలీవాలాల సంచులలో చూచిన కిస్‌మిస్ అచ్చటిదే. గోడలకు వరుసగా కంతలు విడిచి మట్టియిటుకలతో కట్టిన కొట్టములలో, ఎండ తగులక గాలి మాత్రము ఆడునట్లు గుత్తులను వ్రేలాడదీసి వారు పచ్చకిస్‌మిస్ చేయుదురు. అట్టి కొట్టమును కిస్‌మిస్‌ఖానా యందురు. 1979లో వచ్చిన యుద్ధము ఆ తోటలను, కొట్టములను, కాలువలను నలుబదియేండ్లు నలిపినది. అయినను ఆ సరకు నేడును మన దేశపు అంగళ్లకు సుంకము లేక వచ్చుచున్నది. మన సాంగ్లీ రైతునకు పోటీ యిచ్చుచున్నది. నీడలో గాలికెండించు ఆ పద్ధతియే మనకు మిక్కిలి దగ్గఱిది. ఇనుప కడ్డీలు, జాలవలలు, పైన కప్పు తప్ప సాంగ్లీ కొట్టమునకును దానికిని తత్త్వమున భేదము లేదు.

ఇప్పుడు మన ఇంటికి వత్తము. తెలుగుదేశమునకు ద్రాక్ష క్రొత్త గాదు. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాను హైదరాబాదునకు తెచ్చినదని చెప్పబడు అనాబ్-ఎ-షాహి రకము ఆ నగరము చుట్టును పందిళ్లకెక్కి, ఎకరమునకు పండిన టన్నులలో లోకమునే ఆశ్చర్యపఱచినది. పెద్ద కాయ, పలుచని తోలు, నిండిన రసము. కాని గింజ కలది, ఎండుటకు తగనిది. దూరప్రయాణమునకును అంత తగనిది. హైదరాబాదు తోట పచ్చిపండు అంగడినే నమ్ముకొన్నది. ధర పడిన యేడు ఆ పండును ఎండించి నిలువయుంచు దారి దానికి లేదు. తరువాత కాలమున గింజలేని థామ్సను రకము వచ్చినను, అకాలవర్షములు, బూజుతెగులు, కూలి ధరలు ఒకవైపు, నగరము పెరిగి ఎకరము కోట్ల ధర పలుకుట మఱియొకవైపు ఆ తోటలను మ్రింగినవి. రంగారెడ్డి జిల్లాలో ఒకప్పుడు పందిళ్లున్నచోట నేడు మేడలున్నవి.

మహారాష్ట్రులు వేఱుదారి పట్టిరి. 1960లోనే వారికి ద్రాక్ష రైతుల సంఘము ఏర్పడినది. తీగ కత్తిరింపు మొదలు మందుకొట్టుట వఱకు తోటివానికి తోటివాడు చెప్పుకొను వాడుకను అది నిలిపినది. 1991లో అనేక సహకార సంఘములు కూడి మహాగ్రేప్స్ స్థాపించి, చల్లని గిడ్డంగులు కట్టుకొని ఐరోపాకు పండు పంపిరి. పంపరాని పండు, ధర రాని పండు తాస్‌గాము పరిసరముల కొట్టములకు చేరును. లీటరు నీటికి 25 గ్రాముల పొటాషియము కార్బొనేటు, 15 మిల్లీలీటర్ల ఈథైలు ఓలియేటు కలిపిన నీటిలో గుత్తులను కొన్ని నిమిషములు ముంచి, నీడన అరలమీద పఱతురు. పైతోలునందలి మైనము విడిపోవుటచే రెండు వారములలో పండు ఎండును. ఆ పిమ్మట వన్నెనుబట్టి వేఱుచేసి చల్లని గిడ్డంగిలో నుంచి, తాస్‌గాము వేలములో ధర కుదిరినప్పుడు తీయుదురు. ఈ చివరి మాటను నొక్కి చెప్పుచున్నాను. ఎండించుటవలన రైతునకు కలిగిన మేలు అధికధర యొక్కటే కాదు; మార్చిలో కోసినదానిని దీపావళికి అమ్ముకొను వ్యవధి.

మన యువకులు తెచ్చిన లెక్కలలో ఒక చిన్న గుణకారము లోపించినది. నాలుగు కిలోల పచ్చిపండు ఎండిన కిలో ఎండుద్రాక్ష అగును. తియ్యదనము తక్కువైన పండైనచో నాలుగును చాలదు. మాటకు పచ్చిపండు కిలో 30 రూపాయలకు తోటలోనే అమ్ముడగుననుకొందము. అప్పుడు ఎండుద్రాక్ష కిలో 120 వచ్చినను రైతునకు ఒక్క కాసు మిగులలేదు. పైగా ముంచు మందు, అరల కిరాయి, కూలి, వేఱుచేయుట, గిడ్డంగి బాడుగ, దళారి రుసుము, ఆఱు నెలల వడ్డీ. వీనికి ముప్పదియే వేసికొన్నను 150కి పైన పలికినప్పుడే ఎండించుట లాభము. "ఎండుద్రాక్ష ధర పచ్చిపండునకు నాలుగింతలు" అని సంబరపడువారు ఈ లెక్కను పలకమీద ఒకసారి వేసికొనవలెను. పచ్చిపండు ధర పదికి పడిన యేట మాత్రము కొట్టము రైతును కాపాడును. కావున కొట్టము ధర పడిన యేటి ఆసరా. అది లేని తోట హైదరాబాదు తోటవంటిది.

మఱి మన నేల, మన గాలి ఏమనుచున్నవి? దక్కనులో తీగకు ఏటేట రెండు కత్తిరింపులు. ఏప్రిలులో ఒకటి, అక్టోబరు ప్రాంతమున రెండవది. రెండవ కత్తిరింపు వెనుక వచ్చిన గుత్తులే పంట. జనవరి మొదలు ఏప్రిలు వఱకు కోత. కర్నూలు జిల్లాలో మార్చి, ఏప్రిలు నెలల వట్టిగాలి, వేడిమి ఎండించుటకు దేవుడిచ్చిన వరము. పందిళ్లకు రాతికూసముల కొఱత బేతంచెర్ల, కడప రాళ్లున్న మనకు లేదు. బోరునీటి ఉప్పదనమునకు డాగ్రిడ్జి అను అమెరికా వేరుమీద అంటుకట్టిన మొక్కలు దొరకుచున్నవి. ఇంతవఱకు బాగే.

చిక్కు అక్టోబరు, నవంబరు నెలలలో నున్నది. కత్తిరింపు వెనుక లేతచిగురు, పూత ఉన్నప్పుడు నాలుగు దినములు ముసురుపట్టినచో బూజుతెగులు గుత్తిని తినివేయును. తూర్పు సముద్రపు వాయుగుండము కడప జిల్లా తూర్పుభాగమును విడువదు. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేరు పొంగి అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకొనిపోయిన దారుణము మనమెవరమును మఱువలేదు. అట్టిచోట ద్రాక్ష నాటుమని నేను చెప్పజాలను. రాజంపేట, కోడూరు రైతులకు మామిడి, అరటి, బొప్పాయి ఉండగా ఈ తీగ వలదు. పశ్చిమమున ఆలూరు, ఆదోని, పత్తికొండ సీమలలో ఈ భయము తక్కువ. అక్కడి భయము నీరు. పంట లేని యేట గూడ తీగ నీరడుగును. వేరుసెనగ ఎండినచో ఒక యేటి నష్టము. పందిరి ఎండినచో పదునైదేండ్ల పెట్టుబడి, దానిమీది అప్పు ఎండినట్లే. కాలిఫోర్నియావారు ఎండకే పేరుపడిన దేశముననుండియు, 1976లోను 1978లోను కోత వేళ వచ్చిన సెప్టెంబరు వానలకు ఆరబెట్టిన పంటలో పెద్ద పాలును పోగొట్టుకొనిరి. నీడకొట్టము ఉన్నవారికి ఆ భయము కొంత తగ్గును.

"కొట్టము మొదట కట్టినచో అందులో ఏమి ఎండింతుము? పండేది?" అని నన్ను ఒక మిత్రుడు ప్రశ్నించినాడు. మంచి ప్రశ్నయే. కొట్టమనగా సౌధము కాదు. కడ్డీలు, జాలవలలు, రేకుల కప్పు. ఒక సంఘపు పరిధిలో పదియెకరముల తోటకు సరిపడు చిన్నదానితో మొదలు పెట్టవచ్చును. తీగ కాపునకు వచ్చుటకు పట్టు ఏడాదిన్నర, రెండేండ్ల లోపల దానిని కట్టి, సాంగ్లీనుండి పని తెలిసిన కూలివానిని పిలిపించి, అనంతపురము వైపునుండియో, సరిహద్దునకు అవల చిక్కబళ్లాపురము వైపునుండియో పండు కొని తెచ్చి, ఒక విడత ఎండించి చూడవచ్చును. చిక్కబళ్లాపురపు బెంగుళూరు బ్లూ రకము గింజ కలది. రసమునకే గాని ఎండుటకు పనికిరాదు. కావున గింజలేని పండునే తేవలెను. ఆ విడతలో సంఘము నష్టపడినను అది ఒక లారీ పండు నష్టము. తోటలు నాటిన తరువాత తెలిసికొను నష్టము ఇంటింటికిని వచ్చును.

పెద్ద కర్మాగారము వచ్చును, ప్రభుత్వము కట్టును, అప్పుడు నాటుదమని మఱికొందఱందురు. టొమేటోకు కర్మాగారము కావలెనని పత్తికొండ రైతులు ఎన్నియేండ్లుగా అడుగుచున్నారో వారికే తెలియును. వచ్చినచో మంచిదే. కాని ఒక్క కర్మాగారమే కొనువాడైనచో రైతు స్థితి ఫ్రెస్నోలో 1912కు ముందున్నదే యగును. వేరుసెనగ విషయమున మన తాతలు దీనిని చవిచూచిరి. మదరాసు రాజధాని రేవులనుండి కాయ ఓడలకెక్కి ఫ్రాన్సులోని మార్సేలు నూనెమిల్లులకు పోవు దినములలో, ఇక్కడి కళ్లములో ధర అక్కడి మిల్లు చెప్పినదే. స్థానికముగా ఆదోని, ప్రొద్దుటూరు మిల్లులు వచ్చిన పిదప కొనువారు పలువురైరి. అంతమాత్రమున బేరమాడు బలము కొంత కలిగినది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల శాసనముక్రింద సభ్యులే పెట్టుబడి పెట్టి, సభ్యులే పాలించుకొను సంఘమును స్థాపించుకొనుటకు మనకు అడ్డు లేదు. గిడ్డంగి రశీదు కుదువబెట్టి అప్పు తెచ్చుకొనుటకును చట్టము కలదు. కొట్టము, గిడ్డంగి, రశీదు మూడును ఒక్కచేతిలో నుండిన రైతునకు మార్చి నెలలో దళారి ముఖము చూడవలసిన అగత్యముండదు.

కావున సంఘముల కార్యవర్గములకు నా మనవి యిది. ఏ సభ్యునకును మొదటి యేట ఒక యెకరమునకు మించి ద్రాక్షకై అప్పీయరాదు. ఉన్న పొలమంతయు తీగ క్రిందికి పోరాదు. గ్రీసువారు ఆలివు చెట్లను నఱికినట్లు మనము చీనీ చెట్లను, కంది చేలను పెరకరాదు. కొట్టపు స్థలము, గిడ్డంగి ఏర్పాటు నిశ్చయము కానంతవఱకు దరఖాస్తులను కట్టలో నుంచవలెను. ఈ మాట కొందఱికి కటువుగా తోచును. యువకుల ఉత్సాహమును చంపితినని కూడ అందురు. చంపుట నా యుద్దేశము కాదు. వారిలో ఇద్దఱు ముగ్గురిని సంఘపు ఖర్చుతో ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వఱకు తాస్‌గాములో నుంచి, కొట్టములో కూలివానివలె పనిచేయించి రప్పింపుడు. చూచివచ్చిన లెక్కకును, చేసివచ్చిన లెక్కకును భేదమేమో వారే సర్వసభ్యసభలో చెప్పుదురు.

ఇక అప్పు కోరువారు దరఖాస్తుతోపాటు రెండు కాగితములు జతపఱచుట మంచిది. ఒకటి, తమ మండలమున గడచిన పదియేండ్లలో అక్టోబరు, నవంబరు నెలలందు కురిసిన వాన లెక్క. మండల కార్యాలయమున అడిగిన ఇత్తురు. రెండవది, తమ బోరు మే నెలలో గంటకు ఎన్ని లీటర్లు పోయునో ప్రక్క పొలపు రైతు సంతకముతో వ్రాసిన లెక్క.